నిమ్మనీళ్లలో నిలిచిన వెలుగు

మా బావ షరతు ఒక్కటే. మణుగూరు గనిలో పనిచేసే ఆయన, హైదరాబాదులో పరిశోధన చేస్తున్న కూతురు సుజాతతో, "నువ్వు చేసేదేందో నాకు సమజ్ కావాలె. అయితే ఇంకో రెండేండ్లు చదువు. లేకుంటే నౌకరీ చూస్కో" అన్నాడు. ఫోనులో ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. అందుకే ఎదురుగా చేసి చూపిస్తానని ఆ పిల్ల మణుగూరు బయలుదేరితే, ఈ వేసవిలో ఖమ్మం నుంచి నేను తోడు వెళ్లాను. నాది రేడియోలు బాగుచేసే దుకాణం. దొంగనోట్లు పట్టే ఊదారంగు దీపం నా దగ్గరుంది, దానితో ఆమెకు పనిబడింది.

ఆరున్నర బస్సు ఎక్కితే తొమ్మిది దాటాక పాల్వంచ వచ్చింది. బస్సు అక్కడ కాసేపు ఆగింది. షిఫ్టు దిగినవాళ్లతో కిక్కిరిసిన హోటల్లో ఇడ్లీ తిన్నాం. హోటలామె సుజాత వాలకం చూసి, "ఎండకు గుంజుకపోతవ్ బిడ్డా" అంటూ ఒక సీసా నీళ్లలో నిమ్మకాయ పిండి, ఉప్పు కలిపి, వడగట్టి ఇచ్చింది. ఎంత ఇవ్వాలంటే, "నీళ్లకు పైసలా? జల్దీ ఎక్కు, బస్సు పోతది" అని కసిరింది. సుజాత ఆ సీసాను తన ప్రయోగాల నీళ్ల సీసా పక్కనే సంచిలో పెట్టుకుంది.

పాల్వంచ దాటితే అడవి. కిటికీలోంచి టేకు చెట్లు చూస్తూ సుజాత నాకు పాఠం చెప్పింది. క్వాంటమ్ డాట్లు కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలట. ఊదా వెలుగు తగిలితే మెరుస్తాయి. జీవకణంలోకి పంపి, ఆ మెరుపును బట్టి లోపలి దారులు చూస్తారట. అయితే అక్కడ అవి చెడకుండా నిలిచేదీ లేనిదీ వాటి పైపూతను బట్టే.

మణుగూరులో బావ ఉండే క్వార్టర్లో కిటికీకి దుప్పటి కట్టాం. చిన్న గాజు గొట్టాలు రెండు. ఒకదానిలో పలచటి పూత డాట్లు, రెండోదానిలో పొడుగాటి పోగుల దట్టమైన పూత డాట్లు. "నీళ్లు నేను పోస్త" అని బావ చేతికి తొడుగులు ఇరికించుకుని, సంచిలోంచి సీసా తీసి రెండింటిలోనూ పోశాడు. దీపం వేశాను. దట్టమైన పూతది పచ్చగా వెలిగింది. పలచటి పూతది మసకబారి, ముద్దకట్టి అడుగుకు దిగింది. మంచినీళ్లలో రెండూ వెలుగుతాయనుకున్న సుజాత ముఖం పాలిపోయింది.

"గీ ముద్ద కోసమేనా బిడ్డా ఇన్నేండ్లు?" అన్నాడు బావ.

సుజాత సీసా వాసన చూసి పకపకా నవ్వింది. "నాయినా, నువ్వు నిమ్మనీళ్లు పోసినవ్! మంచిదే అయింది. కణంలోపల గూడ ఉప్పు ఉంటది, పులుపు సంచులుంటయ్. పూత పలచగుంటే గిట్లనే ముద్దగడ్తయ్, లోపలి కాడ్మియం విషం బయటకొస్తది. గట్టి పూత ఏంది, ఎంత మందం, గదే నా పని."

బావ వెలుగుతున్న గొట్టాన్ని ఎత్తి చూశాడు. తలుపు పక్కన వేలాడుతున్న తన హెల్మెటు చూపించి, "లోపలికి దిగేటోనికి తొడుగు గట్టిగుండాలె. గంతేగదా? గది ముందే చెప్పొద్దా?" అన్నాడు. చేతి తొడుగులు విప్పుతూ, "రెండేండ్లన్న గానీ, మూడేండ్లైనా చదువుకో" అన్నాడు.

సాయంత్రం గొట్టాలు రెండింటి మూతలూ బిగించి, ఆ విషం ఎక్కడా పారబోయకుండా ప్రయోగశాలకే తీసుకెళ్లాలని సుజాత సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఆ దారిలో వెళ్లేవాళ్లు పాల్వంచలో నిమ్మనీళ్లు తప్పకుండా తాగండి. సీసా మీద మాత్రం పేరు రాసుకోండి.