నర్సింలు సార్ స్టాండ్‌బై

నర్సింలు సార్‌కు ఏదీ ఒకటి చాలదు. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, చెప్పుల జతలు రెండు. నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సులో పోతే, అది దారిలో ఆగిపోతుందేమోనని తమ్ముణ్ణి స్కూటరు మీద వెనకాలే రమ్మనేవాడు. స్కూటరే ఆగిపోతే? దానికి బస్సు ఉంది కదా అనేవాడు.

మేనకోడలి పెళ్ళికి అయ్యగారు ఒక్కరే వస్తున్నారని తెలిసి, ఇంకో అయ్యగారిని తెచ్చి మండపం వెనక కూర్చోబెట్టాడు. మొదటాయన దగ్గినప్పుడల్లా రెండో ఆయన మంత్రం అందుకున్నాడు. "మరి పెండ్లికొడుకు ఒక్కడే ఉన్నడు గద సారూ?" అని ఎవరో ఆటపట్టించారు. సార్ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. భార్య రేణుకమ్మ చెయ్యి పట్టుకొని భోజనాల వైపు లాక్కుపోయింది కాబట్టి సరిపోయింది.

ఆయన చేసే పనీ అలాంటిదే. వ్యాపారాలకు ఐటీ ఆర్కిటెక్చర్ గీస్తాడు, గీయడం నేర్పుతాడు. అంటే ఏ కంప్యూటరు దేనితో మాట్లాడాలి, ఏది ఆగిపోతే ఏది అందుకోవాలి అని ముందే వేసుకునే ప్లాను. ఎడపల్లి నుంచి వచ్చి నేర్చుకుంటున్న పుష్పలత ఎంత ముద్దుగా గీసినా, ప్లానులో కంప్యూటరుకు గుర్తుగా గీసిన ఒక డబ్బా మీద వేలు పెట్టేవాడు.

"గిది ఖరాబైంది. ఇప్పుడేం జేస్తవ్?"

"ఇప్పుడే గీసిన గద సార్!"

"గీసినప్పుడే ఖరాబైతదమ్మా."

పుష్పలతను బాధపెట్టే సంగతి ఒకటుంది. ప్లాన్లన్నీ ఆమె గీసినా, కస్టమర్ల ముందు సార్ "ఈమె నా స్టాండ్‌బై, నేనాగిపోతే అందుకుంటది" అనేవాడు. ఇంట్లోవాళ్ళేమో సొంతంగా ఒక్క పనైనా రాకపోతే ఇది మానేసి మొబైల్ షాపులో చేరమన్నారు.

బోధన్‌లో వీరరాఘవయ్య గారి రైస్‌మిల్లు పని ఆమెకు చివరి ఆశ. బయల్దేరే పొద్దున సార్ ఫోన్ చేశాడు.

"జరమొచ్చింది బిడ్డా. నువ్వొక్కదానివే పో."

పుష్పలత ఇంతవరకు ఒక్కతే ఏ కస్టమరు దగ్గరికీ పోయింది లేదు. అయినా వెళ్ళింది.

"సార్ లేకుండా నువ్వేం చెబుతావమ్మా?" అన్నాడు వీరరాఘవయ్య. ఆమె ప్లాను పరిచింది. ఆయన కాసేపు చూసి, ఒక డబ్బా మీద వేలు పెట్టాడు. "నెట్ పోతే లారీలన్నీ ఆగాల్సిందేనా?"

"ఆగవండీ. లారీలు తూచే కాటా కాడి కంప్యూటరే బరువు రాసి పెట్టుకుంటది. లైన్ వచ్చినంక ఆఫీసుకు పంపుతది."

"అదీ పాడైతే?"

"పక్కన ఇంకోటుంటది."

"రేపు నువ్వే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే?"

"మీ గుమాస్తాకు అంతా నేర్పించే పోత."

వీరరాఘవయ్య నవ్వేశాడు. "పని నీదేనమ్మా. రేపే మొదలుపెట్టు."

ఆనందంతో గేటు దాటేసరికి, ఎదుటి హోటల్లో నర్సింలు సార్! ముందు మిర్చి బజ్జీలు, ఒళ్ళో ల్యాప్‌టాప్.

"జరమన్నరు గద సార్?"

"నేనుంటే ఆయన నన్నే సూస్తడు, నిన్ను సూడడు. అందుకే ఖరాబైన."

"మరి గింతదూరం ఎందుకొచ్చిండ్రు?"

"లోపల నువ్వు తడబడితే ఎవరన్న అందుకోవాలె గద! పొద్దటి సంది నేనే నీ స్టాండ్‌బై."

పుష్పలత కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ ఈయన్నా తను తిట్టుకున్నది అనిపించింది. "మీ మేలు ఎన్నటికి మర్చిపోను సార్. మీరు లేకపోతే నేను..."

"ఆ మాట మాత్రం అనకు," అని సార్ కంగారుపడ్డాడు. "నేను లేకున్నా నడవాలె. గదే గద నేర్పింది! ఒక్కని మీద నడిస్తే అది ప్లాను ఎట్లైతది?"

అని, ఆమె కోసం బజ్జీలు ఇంకో ప్లేటు చెప్పాడు.