కుండ దగ్గర కూర్చున్న దొర

నా చిన్నప్పుడు, ఎమ్మిగనూరు బడిలో ఏడో తరగతి చదివే రోజుల్లో, క్లాసులో నా గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. మా నాయన మగ్గం నేసేవాడు. పేరు పిలిస్తే లేచి, తల వంచుకుని నిలబడేదాన్ని, అంతే.

సోషల్ చెప్పే టీచరమ్మ ఆదోని నుంచి బస్సులో వచ్చేది. తెల్లదొరల పరిపాలన పాఠం ఎన్నిసార్లు చెప్పినా మా తలకెక్కలేదు. ఒకరోజు ఆమె పుస్తకం మూసేసింది. "ఈ పొద్దు పాఠం సదివేది లేదు. పాఠంలోనే ఉండాల," అంది.

తన కుర్చీలో ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి జిల్లా దొరను చేసింది. ఇంకొకడు గుమాస్తా. మిగిలినవాళ్లం రైతులం, నేతగాళ్లం. మంచినీళ్ల కుండ దొర పక్కకు చేరింది. దాహం వేస్తే గుమాస్తాకు అర్జీ రాసివ్వాలి, దొర ఒప్పుకుంటేనే నీళ్లు.

మొదట నవ్వుకున్నాం. ఎండ ముదిరేసరికి నవ్వులు ఆగిపోయాయి. దొరగారికి కుర్చీ బాగా నచ్చింది. నా పక్కన కూర్చునే పిల్ల మూడుసార్లు రాసిచ్చింది. మూడుసార్లూ గుమాస్తా "తప్పుంది, పో" అన్నాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకెక్కడ లేని కోపం వచ్చింది. ఒకే కాగితం మీద అందరి పేర్లూ రాసి, గుమాస్తాను దాటుకుని వెళ్లి దొర ముందు నిలబడ్డాను.

"ఈ నీళ్లు మోసినోళ్లం మేము. మమ్మల్ని అడక్కుండా నువ్వు పెట్టిన రూలు మాకెందుకు?"

దొర తనంతట తానే కుర్చీలోంచి లేచాడు.

టీచరమ్మ అందరికీ నీళ్లు ముంచి ఇచ్చింది. "ఆ కాలంలో దొర లేసేవాడు కాదు పాపా. వాణ్ణి మనం ఎన్నుకోలేదు, దించనూలేము. ఇప్పుడు ఏలేవాళ్లు మనం ఎన్నుకున్నోళ్లే. అడిగితే బదులు సెప్పాల," అని, "మన బడి కొళాయి ఎండిపోయి ఎన్నాళ్లయింది?" అంది.

నెలలు దాటాయి. రెండు వీధుల అవతలి నుంచి మేమే బిందెలతో మోసుకొచ్చేవాళ్లం.

మరునాడు క్లాసంతా సంతకాలు పెట్టిన అర్జీతో పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. టీచరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. ఎంత బతిమాలినా లోపలికి రాలేదు. ప్రెసిడెంటు ముందు నిలబడి అర్జీ గట్టిగా చదివాను.

"ఎవరి పాపవమ్మా నువ్వు?" అన్నాడాయన.

"ఏడో తరగతి పాపను సార్. అర్జీ అందరిదీ. తీసుకున్నట్టు సంతకం పెట్టియ్యండి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వి, సంతకం పెట్టాడు.

వారం తిరక్కముందే పైపు తవ్వేవాళ్లు వచ్చారు. కొళాయిలో ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. బడి బడంతా కేకలు పెట్టింది. దొర వేషం వేసిన పిల్లవాణ్ణి కొళాయి కింద కూర్చోబెట్టి నిలువునా తడిపేశాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనేనని తర్వాత చెప్పారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. రేషన్ కార్డుకో వీధి దీపానికో ఆఫీసుకు వెళ్లాలంటే మా వీధి ఆడవాళ్లు "అక్కా, నువ్వొచ్చి మాట్లాడు" అంటారు. తప్పకుండా వెళ్తాను. అర్జీ ఎలా రాయాలో చెబుతాను. కానీ చదివేది మాత్రం వాళ్లే. నేను బయటే నిలబడి, లోపలి నుంచి వాళ్ల గొంతు వినబడేదాకా చెవులు రిక్కించుకుని ఉంటాను.