తువ్వాలు కింద వేళ్లు

పెబ్బేరు సంతలో మద్దిలేటి ఎడ్ల దళారి. ఎదుటివాడి చేతిని తువ్వాలు కింద పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. పక్కనున్నవారికి అంకె తెలియదు. కొన్నేళ్ల కిందట విరేచనాలు తగ్గిన కొద్ది రోజులకే ఆ వేళ్లు మొద్దుబారాయి, తర్వాత కాళ్లు పడిపోయాయి. ఒంటిని కాచే శక్తే పొరపాటున నరాల మీద తిరగబడిందన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచాన ఉండి కోలుకున్నాడు. అప్పటి నుంచి నిద్ర లేవగానే భార్య కిష్టమ్మ చేతిని తువ్వాలు కిందికి లాక్కుని, ఒక్కొక్క వేలితో నొక్కి చూస్తాడు. ఆమెకు బేరపు లెక్క రాదు. "గట్టిగనే ఉన్నయి, లే ఇగ" అంటుంది.

మొన్న సంతలో కుక్క అతని పిక్క పట్టింది. దవాఖానలో సూది చూడగానే మడిచిన చొక్కా చేతిని కిందికి దింపుకున్నాడు.

"సూదితోని గూడ ఆ రోగం వస్తదంట గద, డాక్టరమ్మా?"

"అసలే రాదని నేననను. శానా అరుదు. నీకు అప్పుడొచ్చింది విరేచనాల తర్వాత. సూది ఏసుకోక కుక్కకాటు రోగం వస్తే మాత్రం బతికించే మందు లేదు, పెద్దాయనా."

"ఎడ్లకు సూదులు ఏపిచ్చేటప్పుడు గింత పరేషాన్ కాలే నువ్వు" అంది పక్కనే ఉన్న కిష్టమ్మ.

అతడు చొక్కా చేతిని మళ్లీ పైకి మడిచి సూది వేయించుకున్నాడు.

మర్నాడు కిష్టమ్మ మేలుకునేసరికి తువ్వాలు ఇద్దరి మధ్య పరిచి ఉంది. అతడు ఎప్పుడో లేచి కూర్చున్నాడు. చేతిని మాత్రం ఇంకా దాని కిందికి పెట్టలేదు.