తొమ్మిది అడుగుల బోర్డు కోసం జహీరాబాద్‌కు

సముద్రంలో దిగే మనిషికి జహీరాబాద్‌లో ఏం పని అని మీరు అడగవచ్చు. చుట్టూ ఎటు చూసినా వందల మైళ్ల దాకా అల అన్నది లేని ఊరు అది. అయినా కిందటేడు, ఎనభై నాలుగు జనవరిలో, నేను అక్కడికి సర్ఫింగ్ బోర్డు కోసమే వెళ్లాను. నడివయసు దాటుతూ అల మీద నిలబడాలని ఇంకా ఆశపడేవాళ్లు నాలాంటివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారని, వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. పోర్టు గోడౌన్లలో స్టోర్స్ గుమాస్తాను. నా ముప్పై తొమ్మిదో ఏట ఒక ఆస్ట్రేలియా ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ నాకొక బోర్డు ఇచ్చి వెళ్లాడు. అయిదడుగుల పది అంగుళాల పొడవు, సన్నగా, మొన తేలి ఉండేది. అప్పుడు నేనూ సన్నగానే ఉండేవాణ్ణి. సాయంత్రం డ్యూటీ దిగి లాసన్స్ బే దగ్గర నీళ్లలో దిగితే చీకటి పడేదాకా పైకి వచ్చేవాణ్ణి కాదు. నా భార్య జానకి ఇసకలో కూర్చుని ఏదో అల్లుకుంటూ ఉండేది. ఈ ప్రయాణానికి మూడేళ్ల ముందు ఆమె పోయింది. మాకు పిల్లలు లేరు. తరువాత నా ఒళ్లు పెరిగింది, నడుము బిగుసుకుంది, ఆ చిన్న బోర్డు నా కింద మునగడం మొదలుపెట్టింది. ప్రయాణానికి ముందటి వానాకాలమంతా రోజూ దిగినా ఒక్క అల కూడా నాకు దొరకలేదు. మానేద్దామంటే, ఇంట్లో ఉన్న రోజున ఆరు గంటలకే అర్ధరాత్రి అయినట్టుండేది.

అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి వచ్చిన ఒక సరుకు ఓడ సరంగు మాటల్లో ఖాజా మియా సంగతి చెప్పాడు. ఖాజా మియా ఒక ఇంగ్లీషు కంపెనీ ఓడ ఇంజను గదిలో పనిచేసి దిగిపోయిన మనిషి, సొంతూరు జహీరాబాద్. ఓడ డర్బన్‌లో ఆగినప్పుడల్లా సర్ఫింగ్ చేసేవాడు, అదీ నలభై దాటాక నేర్చుకుని. రెండు బోర్డులు ఊరికి తెచ్చుకున్నాడు. నేను కార్డు రాశాను. ఏడడుగుల బోర్డు అమ్ముతానని, శుక్రవారం తప్ప ఎప్పుడైనా రమ్మని జవాబు వచ్చింది. ఏడడుగులు నాకు సరిగ్గా సరిపోతుందనుకున్నాను. ఊరు వెళ్తున్నానని చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి పాలవాడికి మాత్రం చెప్పి బయలుదేరాను.

వాల్తేరులో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతారు. అక్కడి నుంచి సిటీ బస్సులో గౌలిగూడ బస్టాండుకు వెళ్లాలి. జహీరాబాద్ వైపు బస్సులు గంటకొకటైనా ఉంటాయి, బీదర్ వెళ్లేవి కూడా అక్కడ ఆగుతాయి. టికెట్టు పన్నెండు రూపాయల లోపే. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా మూడు గంటల ప్రయాణం. సదాశివపేటలో బస్సు టీకి ఆగింది. ఆ ఊరు దాటాక నేల ఎర్రబడుతుంది. అది చెరకు నరికే కాలం. బొంబాయి లారీల మధ్య చెరకు ట్రాక్టర్లు మెల్లగా పోతుంటే బస్సు వాటి వెనక ఆగి ఆగి నడిచింది. నా పక్క సీటు ఖాళీగా ఉంది. సంగారెడ్డి నుంచి ఎవరెవరో ఎక్కారు, దిగారు, ఎందుకో అందులో మాత్రం ఎవరూ కూర్చోలేదు. సంచీ అందులో పెట్టుకున్నాను.

పదకొండు గంటలకు దిగి, బస్టాండు బయట సోడా బండి అతన్ని అడిగితే దారి చూపించాడు. ఖాజా మియా ఇల్లు మసీదు వెనక సందులో ఉంది, బంగ్లా పెంకులు, ముందు చిన్న వాకిలి. ఆయనకు యాభై ఎనిమిదేళ్లుంటాయి, నల్లగా, భుజాలు వెడల్పుగా ఉన్నాడు. ఓడ నిచ్చెన మీద నుంచి పడి తుంటి ఎముక విరిగిందట, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన అక్క హమీదాబీ, ఇద్దరే. ఆమెకు చూపు సరిగా ఆనదు.

రెండు బోర్డులూ లోపలి గదిలో గోడకు నిలబెట్టి ఉన్నాయి. ఏడడుగులది తెల్లగా, మొన కోసుగా ఉంది. రెండోది తేనె రంగు, తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు, మొన గుండ్రం. దూలానికి తగలకుండా కాస్త ఏటవాలుగా పెట్టారు. నేను తిన్నగా తెల్లదాని దగ్గరికి వెళ్లి చేత్తో తడుముతుంటే ఖాజా మియా ధర మాట ఎత్తకుండా, నన్ను నేల మీద చాప పరుచుకుని బోర్లా పడుకోమన్నాడు. నీళ్లు తోస్తున్నట్టు రెండు చేతులూ ఆడించమన్నాడు. తరువాత అల వచ్చిందనుకుని లేచి నిలబడమన్నాడు. లేచాను. ముందు ఒక మోకాలు, తరువాత చెయ్యి, తరువాత రెండో కాలు.

ఆయన కర్ర ఊనుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సాబ్, బురా మానకున్రి, ఏమనుకోకున్రి," అన్నాడు. "మీరు లేచెటాలకు అల ఒడ్డుకు పోయి కూసుంటది."

మళ్లీ లేవమన్నాడు. రెండోసారి ఇంకా ఆలస్యమైంది. నాకు సిగ్గేసింది. ఈ సంగతి మూడేళ్లుగా నాకు తెలుసు, కానీ నా లేవడాన్ని ఇంకో మనిషి నిలబడి చూడటం అదే మొదటిసారి.

అప్పుడు ఆయన రెండు బోర్డులనూ వరసగా నేల మీద పెట్టించి కొలతల సంగతి చెప్పాడు. వయసు మీద పడ్డవాడు తన ఎత్తును బట్టి బోర్డు కొనకూడదట, తన బరువును బట్టి, లేవడానికి పట్టే సమయాన్ని బట్టి కొనాలట. పొడుగు ఉంటే అల కొంచెం ముందుగా దొరుకుతుంది, వెడల్పు ఉంటే తడబడినా బోర్డు ఒరగదు, మందం ఉంటే పొట్ట బరువును నీళ్ల పైన ఉంచుతుంది. తెల్లది ఇరవై అంగుళాల వెడల్పు, రెండున్నర మందం. తేనె రంగుది ఇరవై మూడు, మూడు. అలాగని ఎంత వెడల్పయినా మంచిదే అనుకోకూడదు, పడుకున్నప్పుడు భుజాలు ఎత్తకుండానే మోచేతుల దాకా నీళ్లలో మునగాలి. నన్ను పెద్దదాని మీద పడుకోబెట్టి, చేతులు రెండు పక్కలా వేలాడేసి చూశాడు. సరిగ్గా సరిపోయాయి.

"మీకు కావల్సింది ఇదే," అన్నాడు. వెంటనే, "కానీ ఇది ఇయ్య. ఇది నాది," అన్నాడు.

తుంటి బాగయ్యాక మళ్లీ దిగాలని దాన్ని పెట్టుకున్నానని చెప్పాడు. ఊరికి వచ్చి ఆరేళ్లయిందట. ఈ ఆరేళ్లలో దానికి నీళ్లు తగలలేదు. హమీదాబీ వంటింట్లోంచే, దాని మీద దుమ్ము తుడవడం తన తమ్ముడికి ఒక నమాజు అయిందని అంది. ఆమె పెట్టిన జొన్న రొట్టె, అంబాడా పప్పు తిన్నాం. అంబాడా అంటే మన గోంగూరే. ఆ ఊళ్లో హోటళ్లలో అన్నం కంటే రొట్టె బాగుంటుంది, వెళ్లేవాళ్లు అదే అడగండి.

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, తిన్నాక ఖాజా మియా రెండు బోర్డులూ ఊరి దగ్గరి నారింజ వాగు ప్రాజెక్టు నీళ్లలో వేసి చూద్దామన్నాడు. ఏది మోస్తుందో నీళ్లే చెప్తాయని ఆయన మాట. మొగుడంపల్లి నుంచి చెరకు తోలే మల్లేశం అన్న రైతు ఖాళీ ట్రాలీతో తిరిగి పోతుంటే ఆపాడు. మల్లేశం డీజిల్‌కు మాత్రం ఇస్తే చాలన్నాడు. ట్రాలీలో చెరకాకు మీద బోర్డులు పరిచి, పక్కన మేమిద్దరం కూర్చున్నాం. అవేమిటని దారిలో అడిగినవాళ్లకు మల్లేశం పడవ తలుపులని చెప్పుకుంటూ వచ్చాడు.

ప్రాజెక్టు దగ్గర మనుషులెవరూ లేరు. గాలి కూడా లేదు, నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. ముందు తెల్లది వేసుకుని పడుకున్నాను. ఛాతీ దాకా మునిగింది, మొన నీళ్ల లోపలికి పోయింది. ఇంటి దగ్గర నా చిన్న బోర్డు చేసే పనే కాస్త మెల్లగా చేసింది. తరువాత పెద్దది. దాని మీద పడుకోగానే నీళ్లు నన్ను కింద నుంచి పట్టుకున్నట్టయింది. నాలుగు తోపులు తోస్తే బాణంలా కాకపోయినా ఆగకుండా ముందుకు పోయింది. నడిమధ్యలో మెల్లగా లేచి నిలబడ్డాను, పడలేదు. మూడేళ్లలో ఏదైనా నా బరువును మోసిందని నాకు అనిపించిన క్షణం అదే. ఎలాగైనా దీన్ని అడగాలి, ఎంతయినా ఇవ్వాలి అనుకుంటూ ఒడ్డుకు వచ్చాను.

ఖాజా మియా కర్ర పక్కన పెట్టి నీళ్ల అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూడటం లేదు, బోర్డును చూస్తున్నాడు. మీరూ ఒకసారి పడుకోండి అన్నాను. వద్దన్నాడు. తుంటి పట్టేస్తుందని, తన అక్క తిడుతుందని అన్నాడు. ఇంకోసారి అడిగేసరికి చొక్కా విప్పాడు. మల్లేశం ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని నడుం లోతు దాకా నడిపించి బోర్డు మీదికి చేర్చాం. నేను వెనక పట్టుకుని కొంత దూరం తోశాను. తరువాత వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

భుజాల్లో ఆ మనిషికి బలం ఏమీ తగ్గలేదు. నీళ్లు చప్పుడు కాకుండా చీల్చుకుంటూ చాలా దూరం పోయాడు. అక్కడ ఆగి, లేచి, కాళ్లు చెరో పక్కా వేసి కూర్చున్నాడు. వీపు మా వైపు ఉంది. అల కోసం ఎదురుచూసేవాళ్లు సముద్రం వైపు తిరిగి అలాగే కూర్చుంటారు. అక్కడ వచ్చే అల ఏదీ లేదు. అయినా ఆయన కదల్లేదు. మేం ఒడ్డున ఒళ్లు ఆరబెట్టుకున్నాం, మల్లేశం రెండు బీడీలు కాల్చాడు, ఎండ వాలింది.

"ఖాజా చిచ్చకు ఏమన్నయిందా సార్? పిలుద్దమా?" అన్నాడు మల్లేశం.

వద్దన్నాను. జానకి పోయిన ఏడాది నేను కూడా అలల అవతల అలాగే కూర్చునేవాణ్ణి. ఎవరూ పిలవకపోతే బాగుండునని ఉండేది. ఎవరైనా పిలిస్తే బాగుండునని కూడా ఉండేది. ఏది నిజమో నాకిప్పటికీ తెలియదు. అందుకని నేనే నీళ్లలోకి దిగి, నడుం లోతులో, ఆయనకు కనిపించేలా నిలబడ్డాను.

కాసేపటికి తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్ల వల్లే కావచ్చు. బోర్డు మీద ఉన్నంతసేపు కాలు నొప్పి తెలియలేదని చెప్పాడు. ఆరేళ్లు దాన్ని గోడకు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాననీ, నీళ్లు ఇంత దగ్గర ఉన్నాయని తోచనే లేదనీ అన్నాడు. తరువాత నా మొహంలోకి చూశాడు.

"మీకు ఆడ దరియా, నిజం సముద్రం ఉంది, సాబ్. నాకు ఈ చెరువే. మీరు అడిగిన్రనుకో, ఇస్త. అడుగుతరా?"

నాకు కావాలి. ఎంత కావాలో ఆయనకు తెలుసు.

"అడగను," అన్నాను. "కొలతలు ఇవ్వండి, చాలు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది, చాలాసేపు తీయలేదు.

ఇంటికి వచ్చాక హమీదాబీ రెండు దుప్పట్లు కలిపి కుట్టిన ఒక పాత చద్దరు తెచ్చి ఇచ్చింది. వాకిట్లో దాన్ని పరిచి, పైన బోర్డు పెట్టి, బొగ్గు ముక్కతో చుట్టూ గీశాం. మొన దగ్గర, మధ్యలో, తోక దగ్గర వెడల్పులు వేరువేరుగా గుర్తుపెట్టాం. గాలికి గుడ్డ లేవకుండా ఆమె ఒక మూల మీద కూర్చుంది. రేపు మళ్లీ ప్రాజెక్టుకు పోతావా అని తమ్ముణ్ణి అడిగింది. మల్లేశం బండి దొరికితే పోతానన్నాడు. బీదర్ నుంచి గౌలిగూడ వెళ్లే ఏడు గంటల బస్సుకు నన్నెక్కించడానికి ఆయన కర్ర ఊనుకుంటూ రోడ్డు దాకా వచ్చాడు. బస్సు చీకట్లో పోతుంటే చద్దరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు జరిగింది ఎవరికైనా చెప్పాలని నోటిదాకా వచ్చింది. పక్కాయన నిద్రపోతున్నాడు.

ఇక్కడ పడవలు కట్టే మేస్త్రీ ఆ గీత చూసి ప్లైవుడ్‌తో లోపల గుల్లగా బోర్డు చేసిపెట్టాడు. వేసవి మొదట్లో దాని మీద ఒక అల దొరికింది. ఎప్పటిలాగే ముందు మోకాలు, తరువాత చెయ్యి. అయినా నేను లేచేదాకా ఆ అల నా కిందే ఉంది. మునుపటి ఒంటిని వెతుక్కుంటూ ఇన్నాళ్లు తప్పు బోర్డు మీద ఈదానని, ఇప్పుడున్న ఒంటికి కూడా సరిపడే కొలత ఒకటి ఉంటుందని అప్పుడు తెలిసింది. దానివల్ల సాయంత్రాలు నిండిపోయాయని చెప్పను. కొన్ని నిండాయి. నారింజ నీళ్ల మీద అదే కొలత బోర్డు ఇంకొకటి ఉందనుకుంటే, అలల అవతల కూర్చున్నప్పుడు మునుపటంత ఒంటరిగా ఉండదు.

చివరిగా ఒక్క మాట. తొమ్మిది అడుగుల బోర్డు మంచి బరువు, గాలి ఉన్న రోజున ఒక్కరు ఇసక మీద మోయలేరు. పొడవు, వెడల్పు, మందం తేల్చుకునే ముందే రెండో కొస పట్టుకునే మనిషిని చూసుకోండి. నేను చూసుకోలేదు. వలలు లాగేవాళ్లలో ఎవరికైనా తీరికున్న రోజున నా బోర్డు నీళ్లలో ఉంటుంది, లేని రోజున మేస్త్రీ షెడ్డులో ఉంటుంది.