మట్టిగుట్ట దిగిన కరుణాకర్

బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దన్నులు పెట్టే పని మాది. నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు, కరుణాకర్‌కు తొమ్మిదేళ్లు. ఆరు రోజులు భూమి కింద చావును నెత్తిన పెట్టుకుని పనిచేసేవాడు ఏడో రోజు ఏం చేయాలి? కడుపునిండా తిని పడుకోవాలి. వీడు మాత్రం కరీంనగర్ నుంచి గేర్ల సైకిలొకటి తెచ్చుకుని, మూసేసిన ఓపెన్‌కాస్టు గని పక్కన తవ్విపోసిన మట్టిగుట్ట ఎక్కేవాడు. మూడు తాటిచెట్లంత ఎత్తు. అక్కడి నుంచి సైకిల్ మీదే నిట్టనిలువునా కిందికి దిగేవాడు. ఒకసారి మోచెయ్యి విరిగింది, ఇంకోసారి రెండు పళ్లు రాలాయి. అయినా సిగ్గు లేదు వెధవకు!

"అంబదాసన్నా, నువ్వు చెప్తెనే ఇంటడు. జర ఆపు" అని వాడి భార్య ఉమారాణి ఓ రోజు మా ఇంటికొచ్చి ఏడ్చింది. ఐదో నెల కడుపు. "నా జిమ్మ చెల్లె, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆదివారం పొద్దున్నే వాడిని గుట్ట మీదే పట్టుకున్నాను. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది.

"నీకేం పోయేకాలమొచ్చిందిర? బాయిల సావు సాలదా?"

వాడు నవ్వలేదు. "వెంకటి యాదికున్నడా అన్నా? నీళ్లు తాగెతందుకు నేను రెండడుగులు పక్కకు జరిగిన. గంతే, కప్పు ఆని మీద పడ్డది. నేను బతుకుడు నా చేతుల లేకుండె. ఈడ బ్రేక్ నా చేతులుంటది. పడ్డా నేనే పడ్త. గిది దిగిన దినమే నాకు నిద్ర పడ్తది."

వెంకటి శవాన్ని రాళ్ల కింద నుంచి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకూ నిద్ర లేదు, కల్లుతో నెట్టుకొస్తున్నాను. ఇక వాడిని తిట్టబుద్ధి కాలేదు. నిజం చెప్పొద్దూ, వాడిని చూస్తే కుళ్లు పుట్టింది.

దిగేముందు వాడు కర్రతో గుట్ట అంచున ఉన్న పెద్ద రాతిపలకను కొట్టి చెవి ఒగ్గాడు. బాయిలో మేం రోజూ చేసేదే అది. కప్పును కొడితే ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పారిపోవాలి. వాడు కర్ర నాకిచ్చాడు.

"నువ్వు సూడన్నా. నీ చెవి తప్పది."

మూడుచోట్ల కొట్టాను. ఖంగుమంది.

"గట్టిగనే ఉంది, పో" అన్నాను.

అది బాయి కప్పు కాదు, లారీలు తెచ్చి పోసిన మట్టి. రాయి రాయిలాగే మోగింది. దాని కిందిదంతా వాన కోసుకుపోయిందని బాయిపనివాళ్లమైన మా ఇద్దరికీ తట్టనే లేదు. ముందుచక్రం ఎక్కగానే పలకతో సహా అంచంతా జారింది. నేను పడుతూ లేస్తూ కిందికి చేరేసరికి వాడి కళ్లు తెరిచే ఉన్నాయి.

"అన్నా, కాళ్లు తెలుస్తలేవు" అన్నాడు.

నడుం కింది భాగం ఇక కదలదని కరీంనగర్ దవాఖానలో చెప్పారు. ఉమారాణి గోడ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అన్నా, నువ్వు ఆడనే ఉన్నవ్ గద? ఆపలేదా?"

మంచం మీద నుంచి కరుణాకర్ అన్నాడు. "అన్న వద్దనే అన్నడు. కాళ్ల మీద పడ్డంత పని జేసిండు. నేనే ఇనలే."

"నీ పాడుగాను! కడుపుల బిడ్డ గూడ యాదికి రాలేదా నీకు?" అంటూ ఉమారాణి రెండు చేతులతో వాడి రొమ్ము మీద కొట్టింది. వాడు నా వైపు చూడకుండా ఆ దెబ్బలు తిన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కొట్టకు చెల్లె అని కూడా అనలేదు.