గోరుకి తగలని గీతలు

తెనాలిలో ముప్పై ఏళ్లు బైకుల ఇంజిన్లు విప్పాను. నోరు చెడ్డదే గానీ చెయ్యి మంచిదని నా గురించి అనేవారు. ఆ మాటకి తెగ ఉబ్బిపోయేవాణ్ణి. మిగతా మెకానిక్కులు ఇంజిన్ విప్పగానే ఇదీ మార్చాలి, అదీ మార్చాలి అంటారు. నేను మాత్రం పనికొచ్చే పార్టుని పారెయ్యనిచ్చేవాణ్ణి కాదు.

సిలిండర్ లోపలి గుండ్రటి గోడ, అదే బోరు, అరిగిందో లేదో చూడడానికి మా గురువు నేర్పిన పద్ధతి ఒకటుంది. కళ్లు మూసుకుని చూపుడువేలి గోరుని బోరులో పైనుంచి కిందికి మెల్లగా జార్చాలి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే లేత్ షాపుకి పంపి, లోపల తొలిపించి బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్ వెయ్యాలి. తట్టుకోకపోతే పిస్టన్ రింగులు మార్చి అదే బిగించెయ్యొచ్చు. కంటికి గీతలు కనిపించినా గోరుకి తగలకపోతే ఫరవాలేదనేవాడు ఆయన. కళ్లు మోసం చేస్తాయి గానీ గోరు చెయ్యదని నేనూ నమ్మాను.

ఒక శ్రావణమాసంలో రేపల్లె వైపునుంచి ఒక పంతులుగారు బండి తెచ్చారు. ఉన్న ఊళ్లో ఒక గుడి, చుట్టుపక్కల మరో రెండు గుళ్లు ఆయనవి. తెల్లవారకముందే బయల్దేరి, మూడింటిలోనూ అర్చన చేసి ఇంటికి చేరేది ఆ బండి మీదే. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది. ఇంజిన్ విప్పి, కళ్లు మూసుకుని గోరు జార్చాను. ఏమీ తగల్లేదు.

"రింగులేస్తే చాలండి," అన్నాను.

ఆయన వంగి బోరులోకి చూశారు. "గీతలు బాగా ఉన్నట్టున్నాయండి మేస్త్రిగారూ. ఓసారి లేత్ షాపులో కొలిపిద్దామా? ముగ్గురు దేవుళ్లు ఈ బండినే నమ్ముకున్నారు మరి," అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. "మీ గర్భగుడిలోకొచ్చి మంత్రం తప్పిందని నేనెప్పుడైనా అన్నానా అండీ? నా పని నన్ను చేసుకోనివ్వండి!" అని కసిరాను. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన వెనక్కి జరిగి నిలబడ్డారు.

ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఆరు నెలలుగా నా వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. షుగరు వల్లేనని డాక్టరు అన్నాడు. చిన్న వాషరు ఎత్తాలంటే రెండుసార్లు జారిపోయేది. అలాంటి వేలితో ఆ రోజు ఆ బోరుకి తీర్పు చెప్పాను. సిగ్గులేని మనిషిని కాకపోతే అలా చెబుతానా?

కార్తీకమాసంలో బండి ట్రక్కు ఆటోలో తిరిగొచ్చింది. ఇంజిన్ పట్టేసింది. పంతులుగారు మోకాలికి కట్టుతో దిగారు. కార్తీక సోమవారం తెల్లవారుజామున మూడో ఊరి శివాలయానికి వెళ్తుంటే, నడిరోడ్డు మీద చక్రం బిగుసుకుపోయి పడ్డారట. కుంటుకుంటూ నడిచి వెళ్లేసరికి బాగా పొద్దెక్కింది. అభిషేకం కోసం ఉపవాసాలతో కూర్చున్న ఆడవాళ్లు చూసి చూసి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఆ ఊరి పెద్దలు వేరే పూజారిని పెట్టుకున్నారు. తాతగారి నాటినుంచి చేస్తున్న గుడి అది. ఇదంతా ఆయన వేరెవరికో జరిగినట్టు చెప్పారు.

ఇంజిన్ విప్పాను. ఆయిల్ చెంచాడు లేదు. బోరునిండా గీతలు. ఆ గీతల్లోంచే ఆయిల్ పైకెక్కి కాలిపోయిందని నాకు తెలిసిపోయింది.

"ఆయిల్ చూసుకోలేదండి. తప్పు నాదే," అన్నారాయన.

కాదని ఒక్క మాట అనాలి కదా! "మరి చూసుకోవాలి కదండీ! పస్తు పెట్టినా ఊరుకోడానికి ఇంజినేమైనా దేవుడా?" అన్నాను. ఛీ, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

తెనాలిలో లేత్ షాపులకేం తక్కువ లేదు. కానీ అందరూ నన్నెరిగినవాళ్లే. అందుకే సిలిండర్ సంచిలో వేసుకుని బాపట్ల రైలెక్కాను. పంతులుగారూ వెంట వచ్చారు. "పొద్దుటిపూట ఇప్పుడు కాస్త తీరికేనండి," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు.

బాపట్ల లేత్ షాపతను గేజీ పెట్టి కొలిచి, నవ్వేశాడు. "ఎవడు బాబాయ్, దీనికి ఉత్త రింగులేసి తోలింది? ఇది ఎప్పుడో బోరు చెయ్యాల్సింది. వాడి వేళ్లేమైనా చచ్చిపోయాయా ఏంటి?"

పంతులుగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. "ఎవడో రేపల్లె మెకానిక్కులే," అన్నాను.

ఆయన అలా బయటికెళ్లి బల్ల మీద కూర్చున్నారు. బోరు పని అయ్యేదాకా నేనా బల్ల దగ్గరికి వెళ్లలేకపోయాను.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నిడుబ్రోలు దాటాక ఇక ఉండబట్టలేక, "తిట్టండి పంతులుగారూ. ఆ తప్పు నాదే. నా వేళ్లకి స్పర్శ లేదు," అన్నాను.

"తెలుసండి," అన్నారాయన.

నేను తలెత్తి చూశాను.

"శ్రావణంలో ఇంజిన్ విప్పేటప్పుడు మీ వేలు తెగిందండి. రక్తం బొట్లుబొట్లుగా కారుతోంది. మీరేమో చూసుకోనే లేదు, అదే వేలు బోరులో పెట్టారు. తర్వాత చెయ్యి గుడ్డకి తుడుచుకున్నారు, అప్పుడూ గమనించలేదు."

"చూసి కూడా ఎందుకు చెప్పలేదండీ?"

"చెబుదామనే అనుకున్నానండి. కొలిపిద్దామన్నందుకే నలుగురిలో కసిరారు కదా. మళ్లీ కసురుతారేమోనని భయమేసింది," అన్నారు.

తెనాలిలో దిగేటప్పుడు సంచి నేనే పట్టుకుంటానన్నాను. ఆయన సరేనన్నారు, కానీ ప్లాట్‌ఫాం చివరిదాకా నా చేతినే చూస్తూ నడిచారు.