వదిన ముందుపన్ను

మా వదిన దర్జీ. జాకెట్లు కుట్టడంలో ఆవిడకి తిరుగులేదు, చెప్పిన మాట వినకపోవడంలోనూ అంతే. అదే షాపులో గుండీలు కుట్టుకుంటూ రోజంతా పక్కన కూర్చునేదాన్ని, ఆ మొండితనం నాకు తెలిసినట్టు మా అన్నయ్యకి కూడా తెలీదు.

ఒకరోజు పొద్దున్న వదిన షట్టర్ ఎత్తుతుంటే ఇనుప కొక్కెం జారి సూటిగా ఆవిడ మూతికి తగిలింది. ముందుపన్ను వేరుతో సహా ఊడి గుమ్మంలో పడింది. నేను వంగి దాన్ని తియ్యబోయాను. పక్క కొట్టాయన చూసి, "వేరు ముట్టుకోకమ్మా, పైభాగం పట్టుకో," అని గ్లాసులో చల్లటి పాలు పోసిచ్చాడు. అందులో పన్ను వేసుకుని పరుగు పెట్టాం. పళ్ళ డాక్టరమ్మ దాన్ని మళ్ళీ దాని గుంటలోనే కూర్చోబెట్టి, అటూ ఇటూ పళ్ళకి సన్నటి తీగతో కలిపింది.

"ముందుపళ్ళతో ఏదీ కొరక్కండి. వచ్చే వారం తప్పకుండా రండి, పన్ను లోపల శుభ్రం చెయ్యాలి," అంది.

వదిన బుద్ధిగా తలూపింది. షాపుకొచ్చి మిషను ముందు కూర్చోగానే దారం పళ్ళతో పుటుక్కున కొరికింది. కత్తెర పక్కనే ఉంది. పెళ్ళికి ముందునుంచీ ఉన్న అలవాటు, చేతికన్నా నోరే ముందు పోతుంది. నేను కయ్యిమన్నాను. కానీ ఎన్నిసార్లని కాపలా కాస్తాను? తీగ ఒకవైపు ఊడొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు మహాతల్లి. వారం తిరిగాక డాక్టరు దగ్గరికి పదమంటే, "నొప్పే లేదు కదే, బడి యూనిఫారాలు ఎవరు కుడతారు, మీ అన్నయ్యా?" అంది.

నొప్పి లేకపోవడమే కొంప ముంచింది. చిగురు మీద పొక్కు లేచి చీము కారింది, పన్ను కదలడం మొదలెట్టింది. ఇక వదిన నోరు విప్పడం మానేసింది. కొలతలు కూడా చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్పేది. పన్ను పోతుందని భయం, పైకి అనదు. నవ్వని వదినని నేనెప్పుడూ చూళ్ళేదు. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. డాక్టరమ్మ దులిపేసింది, పక్కనున్న పాపానికి నాక్కూడా అక్షింతలు పడ్డాయి. తీగ మళ్ళీ కట్టి, పన్ను లోపల కుళ్ళినదంతా తీసి మందు పెట్టింది. నేను కత్తెరకి తాడు కట్టి వదిన మెళ్ళో వేశాను. వచ్చినవాళ్ళంతా నవ్వారు, నవ్వనీ. పొక్కు మానింది. పన్ను రంగు కాస్త మారింది గానీ గట్టిగా బిగుసుకుంది.

చాన్నాళ్ళకి మళ్ళీ చూపించుకోడానికి వెళ్తే, డాక్టరమ్మ చిన్న కడ్డీతో ఆ పన్ను మీద తట్టింది. పక్క పళ్ళలా కాకుండా రేకు మీద కొట్టినట్టు టంగుమంది. ఎక్స్‌రే తీసి చూసి నిదానంగా చెప్పింది.

"చీము పూర్తిగా పోయిందమ్మా. కానీ వేరు ఎముకతో కలిసిపోతోంది, ఎముక దాన్ని మెల్లిగా తినేస్తుంది. ఏళ్ళ తరబడి ఉండొచ్చు, ముందే పోనూవచ్చు. గ్యారంటీ ఇవ్వలేను. పోయిన రోజున కట్టుడు పన్ను పెడతాను."

వదిన మొహం చూసే ధైర్యం నాకు చాల్లేదు. ఆవిడ అద్దం అడిగి తీసుకుని, మొహం అటూ ఇటూ తిప్పి పన్నుని చూసుకుంది.

"పెళ్ళినాడు వీళ్ళన్నయ్యకి మాత్రం గ్యారంటీ ఎవరిచ్చారండీ?" అంది. "కాపరం చేసుకోవట్లేదూ? ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

డాక్టరమ్మ మాస్కు వెనకాల కిసుక్కుమంది. అన్నయ్యని వెనకేసుకు రాబోయి నేనూ నవ్వేశాను. వదిన నోరారా నవ్వుతోంది, ఆ నవ్వుని తనే చూసుకుంటోంది. అద్దం వెనక్కి తీసుకోడానికి డాక్టరమ్మ చాలాసేపు ఆగాల్సొచ్చింది.